మూడు గంటల కారు రిలే కోసం రెండు పాత మారుతీ ఎస్టీమ్‌లు: తిరుపతి షెడ్డు డైరీ

శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్ మీద క్లబ్బు స్థాయి మూడు గంటల రిలే. ట్రాక్ చుట్టు కొలత 3.717 కి.మీ., మలుపులు 12. జట్టుకు రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు. ట్రాక్ మీద ఎప్పుడూ ఒక్క కారే తిరగాలి. అది పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటుకు) వచ్చి, దాని మీదున్న ట్రాన్స్‌పాండర్ (ల్యాపులు లెక్కపెట్టే డబ్బా) విప్పి రెండో కారుకు తగిలిస్తేనే ఆ రెండోది కదలాలి. మూడు గంటల్లో ఎక్కువ ల్యాపులు (ట్రాక్ చుట్లు) ఎవరివైతే వాళ్లది గెలుపు. ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఇంగ్లండులో 750 మోటార్ క్లబ్ వాళ్లు సిల్వర్‌స్టోన్‌లో 1951లోనే ఆరు గంటల రిలే మొదలుపెట్టారు.

ఇంజన్ పవర్ పెంచే పని ఈ డైరీలో ఒక్కటి కూడా లేదు. కావాలనే వదిలేశాం. పాత కార్లతో మూడు గంటలు నిలవాలంటే అడ్డొచ్చేవి రెండే: వేడి, పిట్‌లో పోయే సెకన్లు. డబ్బూ టైమూ వీటికే పెట్టాలి. ఎగ్జాస్ట్ మార్చుదాం, ఫిల్టర్ మార్చుదాం అనే మాట షెడ్డులో రోజూ వినిపిస్తుంది. పట్టించుకోనక్కర్లేదు.

లెక్కలన్నీ రెండు కార్లకూ కలిపి రాసినవే. హెల్మెట్లు, సూట్లు, బూట్లు డ్రైవర్ల సొంతం, ఇందులో కలపలేదు.

దశ 1: కార్లు కొనడం

ఎస్టీమ్‌నే ఎందుకంటే 1298 సీసీ, 16 వాల్వులు, 85 హార్స్ పవర్, ఏసీ తీసేస్తే తేలికపాటి బండి. సామాను చెన్నై పుదుపేటలో గుట్టలుగా దొరుకుతుంది. ఎంపీఎఫ్‌ఐ మోడలే (కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే రకం) చూసుకోవాలి. కార్బురేటర్ బండి చవకే గానీ దాని పవర్ తక్కువ, ట్యూనింగ్ తలనొప్పి ఎక్కువ.

కొనేముందు చూడాల్సినవి:

1. బానెట్ ఎత్తి స్ట్రట్ టవర్ల (ముందు సస్పెన్షన్ పైన బిగించే చోట్ల) చుట్టూ తుప్పు. స్క్రూడ్రైవర్ మొనతో పొడవాలి. దిగిందంటే ఆ బండి వద్దు.
2. డోర్ల కింద సిల్స్, జాకీ పెట్టే చోట్లు. కేజ్ (బండి బోల్తా కొట్టినా డ్రైవర్‌ను కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) కాళ్లు వీటి పక్కనే కూర్చుంటాయి.
3. వేడి ఇంజన్ మీద కంప్రెషన్ (సిలిండర్ల లోపలి ఒత్తిడి). ప్లగ్గులు నాలుగూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి చూడాలి.

తెల్ల కారులో నాలుగు సిలిండర్లూ 174 నుంచి 180 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. ఎర్ర కారులో మూడు బాగున్నాయి, నాలుగోది 150. ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 152. ఆయిల్ పోశాక అంకె బాగా లేస్తే రింగులు పోయినట్టు, లేవకపోతే వాల్వు కూర్చోవట్లేదన్నట్టు. హెడ్ దించి, వాల్వు లాపింగ్ (వాల్వును దాని సీటుకు రుద్ది కూర్చోబెట్టడం) చేయించి, కొత్త గ్యాస్కెట్ వేశాక 172 వచ్చింది. హెడ్ దించినప్పుడు స్టీలు పట్టీ అడ్డంగానూ మూలగానూ పెట్టి ఫీలర్ గేజ్‌తో వంపు చూసుకోవాలి. 0.05 మి.మీ. బ్లేడు దూరకపోతే ప్లెయినింగ్ (హెడ్ ముఖాన్ని చదునుగా కోయడం) అక్కర్లేదు. లేత్ షాపులో మాత్రం "ఎట్లాగూ దించినారు కదన్నా, ఒక కట్టింగ్ ఏస్తా" అంటారు. వద్దని చెప్పాలి.

ఖర్చు: కార్లు 62,000 + 48,000, హెడ్ పని 9,800. మొత్తం రూ. 1,19,800.

దశ 2: విప్పడం

వెనక సీటు 14.5 కిలోలు, ముందు పక్క సీటు 13, కార్పెట్టూ దాని కింది ఫెల్టూ 11, ఏసీ కంప్రెసర్, కండెన్సర్, పైపులు 17.5, స్టెప్నీ, జాకీ 16, డోర్ ప్యాడ్లు, స్పీకర్లు, మోటార్లు 12, నేల మీది తారు షీట్లు 6. మొత్తం 90 కిలోలు. ఏసీ గ్యాసు మెకానిక్ దగ్గర యంత్రంతో తీయించాలి, నట్టు వదులు చేసి గాలిలోకి వదలకూడదు. తారు షీట్లకు హీట్ గన్, వెడల్పు చాకు చాలు.

తారు కింద ఎర్ర కారులో డ్రైవర్ కాళ్ల దగ్గర అరచేయంత తుప్పు బయటపడింది. 1.2 మి.మీ. రేకుతో అతుకు వేయించాం. రేకును పైన పరిచి చుట్టూ చుక్కలు పెట్టి వదిలేసే అతుకు కేజ్ దగ్గర పనికిరాదు. తుప్పు ముక్క కోసేసి, అంచుకు అంచు కలిపి వెల్డింగ్ చేయించాలి.

ఖర్చు రూ. 14,500. ఇప్పటిదాకా రూ. 1,34,300.

దశ 3: కేజ్, సీటు, బెల్టులు

ట్యూబు కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ స్టీలు. మెయిన్ హూప్‌కు (డ్రైవర్ వెనక నిలిచే పెద్ద వంపు గొట్టానికి) 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. గోడ. మిగతావాటికి 38 మి.మీ., 2.5 గోడ. ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ కొలతలు ఇవే. నీళ్ల పైపులకు వాడే జీఐ పైపు, కిటికీ గ్రిల్లులకు వాడే అతుకు ట్యూబు కేజ్‌కు పనికిరావు. గుద్దుకున్నప్పుడు అతుకు గీత వెంట చీలుతాయి.

మొదట వచ్చిన ట్యూబు మొత్తం వెనక్కి పంపాం. బిల్లులో 2.5 అని ఉంది, కోసి వెర్నియర్ పెడితే గోడ 2.1. చూపుకు తేడా తెలీదు. తూకంతో పట్టుకోవచ్చు: 45 వ్యాసం, 2.5 గోడ ఉన్న ట్యూబు మీటరు సుమారు 2.62 కిలోలు తూగాలి, 38ది సుమారు 2.19. కాటా వెంట తీసుకెళ్తే దుకాణంలోనే తేలిపోతుంది.

తర్వాత వంపులు. వంపు మధ్యగీత వ్యాసార్థం ట్యూబు వ్యాసానికి మూడు రెట్లు తగ్గకూడదు, అంటే 45 ట్యూబుకు 135 మి.మీ. వంచినచోట ట్యూబు కోడిగుడ్డులా నొక్కుకుంటే, చిన్న వ్యాసాన్ని పెద్ద వ్యాసంతో భాగించగా కనీసం 0.9 రావాలి. మామూలు హైడ్రాలిక్ బెండర్ మీద తొలి హూప్‌లో 39.5, 47 వచ్చాయి. భాగిస్తే 0.84. హూప్ పనికిరాలేదు. రెండోసారి చేసింది ఇది:

1. స్వర్ణముఖి ఇసుకను రేకు మీద పూర్తిగా ఆరబెట్టి, సన్న జల్లెడ పట్టాలి.
2. ట్యూబు ఒక చివర చెక్క బిరడా కొట్టి, ఇసుక పోస్తూ పక్కల సుత్తితో తట్టాలి. ఇసుక దిగడం ఆగేదాకా తట్టాలి.
3. రెండో చివర బిరడా కొట్టి, చల్లగానే వంచాలి. గ్యాస్ కటర్ మంట పెట్టనివ్వొద్దు.
4. ఒకేసారి కాకుండా, డై జరుపుతూ కొంచెం కొంచెం వంచాలి.

ఈసారి 42.5, 46 వచ్చాయి. 0.92. సరిపోయింది.

కేజ్ కాలు నేల మీద దిగేచోట కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. ప్లేటు వేసి, 8.8 గ్రేడు ఎం8 బోల్టులు కాలికి మూడు తగ్గకుండా పెట్టాలి. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. అది లేని బోల్టు ఎంత మెరిసినా పక్కన పడేయాలి.

భుజం బెల్టులు మెడ రక్షణ పరికరంతో వాడేటప్పుడు భుజం నుంచి వెనక్కి అడ్డంగానో, 20 డిగ్రీల వరకు కిందికో వెళ్లాలి. పాత సీటు బెల్టు రంధ్రాలు నేలలో ఉన్నాయని వాటికే బిగిస్తే కోణం చాలా కిందికి పోతుంది. గుద్దుకుంటే వెన్నెముక మీద భారం పడుతుంది. కేజ్‌కు అడ్డ ట్యూబు వేసి దానికి చుట్టాం.

ఒక్కో కారుకు: కేజ్, ప్లేట్లు 51 కిలోలు, మంటలు ఆర్పే సిలిండర్, బెల్టులు, కిల్ స్విచ్ (కారు కరెంటంతా ఆపేసేది) 8, బకెట్ సీటు పాత సీటు కన్నా 5 తక్కువ. నికరంగా 54 కిలోలు పెరిగింది. వే బ్రిడ్జి మీద మొదట 880 ఉన్న తెల్లది ఇప్పుడు 840 చూపించింది. లెక్క ప్రకారం 844 రావాలి. వే బ్రిడ్జి కాటా పదేసి కిలోలే చూపిస్తుంది, కాబట్టి సరిపోయినట్టే.

ఖర్చు: కేజ్‌లు 1,16,000, సీట్లు 36,000, బెల్టులు 32,000, ఆర్పే సిలిండర్లు 4,400, కిల్ స్విచ్‌లు 3,600. కలిపి రూ. 1,92,000. ఇప్పటిదాకా రూ. 3,26,300. మొత్తం ప్రాజెక్టులో పెద్ద ఖర్చు ఇదే. తగ్గించే దారి వెతక్కండి.

దశ 4: నీళ్లు, ఆయిల్

చాలా ట్రాక్‌ల మీద గ్లైకాల్ కూలెంట్ ఒప్పుకోరు, నేల మీద పడితే సబ్బులా జారుతుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా కలిపే మందు మాత్రమే పోశాం. బోరు నీళ్లు పోస్తే కెటిల్ అడుగున పట్టినట్టు రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది. ఎర్ర కారు పాత రేడియేటర్ కోసి చూస్తే మూడోవంతు గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. రెండింటికీ కొత్త కోర్ (గొట్టాల భాగం) వేయించాం.

0.9 బార్ మూత సరిగ్గా పట్టితే ఉట్టి నీళ్లు కూడా సుమారు 119 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు గట్టిపడితే 100 దాటగానే పొంగు. నీళ్లు పొంగితే రేడియేటర్ని అనుమానించేముందు మూత మార్చి చూడాలి, అది చవక. కండెన్సర్ తీసేశాక రేడియేటర్ పక్కల ఖాళీ మిగులుతుంది. గాలి అందులోంచి పక్కదారి పట్టకుండా రేకుతో, ఫోమ్ పట్టీతో మూసేయాలి. ఈ చిన్న పనితో తిరుపతి మే ఎండలో, షెడ్డు బయట 3,000 ఆర్‌పీఎం మీద నిలబెట్టి చూసినప్పుడు 104 చూపించే గేజ్ 97 దగ్గర ఆగింది.

ఆయిల్ సంగతి వేరు. ప్రాక్టీసులో పొడవైన కుడి మలుపుల్లో తెల్ల కారు ఆయిల్ ప్రెషర్ ముల్లు 4 బార్ నుంచి 1.5కి పడి మళ్లీ లేచింది. సంపులో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్ ఒక పక్కకు పోయి, పీల్చే జల్లెడ గాలి తాగుతోందన్నమాట. అక్కడితో ప్రాక్టీసు ఆపేశాం. ఆపకుండా తిప్పితే బేరింగులు పోతాయి. డాష్ మీది ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యం. గేజ్ లేకుండా ట్రాక్ ఎక్కొద్దు.

మార్పులు:

1. సంపు దించి, జల్లెడ చుట్టూ 1.6 మి.మీ. రేకుతో నాలుగు గోడల డబ్బా వెల్డింగ్. గోడల కింద 6 మి.మీ. సందు.
2. పైన మూత రేకు, మధ్యలో జల్లెడ దిగేంత రంధ్రం.
3. రేకుకూ జల్లెడకూ మధ్య ఎంత ఎడం ఉందో చూడ్డానికి బంకమట్టి ఉండ పెట్టి సంపు ఒకసారి బిగించి విప్పాలి. మట్టి 5 మి.మీ. కన్నా పలచబడితే రేకు కొట్టి దించాలి.
4. ఆయిల్ మ్యాక్స్ గీతకు 300 మి.లీ. పైన.

తర్వాత అదే మలుపుల్లో ముల్లు 3.2 కిందికి రాలేదు. గేర్‌బాక్సులో జీఎల్-4 గ్రేడు 75డబ్ల్యూ-90 పోయాలి. దుకాణంలో జీఎల్-5 ఇంకా మంచిదని ఇస్తారు, అందులోని గంధకం, గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్లను తింటుంది.

ఖర్చు: కోర్‌లు 11,000, హోసులు, క్లిప్పులు 3,600, సంపు పని 3,000, ఆయిళ్లు, ఫిల్టర్లు 5,600, గేజ్‌లు 4,200. కలిపి 27,400. ఇప్పటిదాకా రూ. 3,53,700.

దశ 5: బ్రేకులు

ఎక్కువ పని ఇక్కడే పడింది, ఎక్కువ తప్పులు జరగడానికి వీలున్నదీ ఇక్కడే. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బజారు ప్యాడ్లు, డాట్ 3 గ్రేడు బ్రేకు ఆయిల్‌తో ట్రాక్ ఎక్కిన తెల్ల కారు ఐదో ల్యాపు చివరికి "పెడల్ లోపలికి పోతాండాది" అనే కబురుతో తిరిగొచ్చింది.

ముందు జబ్బేమిటో తెలుసుకోవాలి. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు కాలాయి. పెడల్ మెత్తబడి నేలకు తగిలి, రెండు మూడుసార్లు పంపు కొడితే పైకొస్తే ఆయిల్ మరిగింది. ఇది రెండోది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పీల్చాక 140కే. డాట్ 4 అయితే 230, 155. డాట్ 5.1 అయితే 260, 180. వానాకాలం తెరిచి ఉంచిన లీటరు డబ్బా కన్నా సీలు తీయని 250 మి.లీ. డబ్బాలు నాలుగు మేలు. డాట్ 4 పోశాం, ప్రతి ట్రాక్ రోజుకు ముందు మొత్తం మార్చేశాం.

బ్లీడింగ్ (గొట్టాల్లోని గాలి, పాత ఆయిల్ బయటికి తీయడం) వరుస: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్నది ముందు. ఒక్కో కారుకు 700 మి.లీ. దాకా పట్టింది. పారదర్శక గొట్టంలో రంగు మారేదాకా వదలాలి. పాత బండిలో పెడల్ పూర్తిగా నేలకు తొక్కి బ్లీడింగ్ చేస్తే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు ఎప్పుడూ తిరగని తుప్పు భాగంలోకి వెళ్లి చిరుగుతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగం దాకానే తొక్కాలి.

వేడి కొలత. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే డిస్కు మీద పెడితే తక్కువ చూపిస్తుంది, మెరుపు దాన్ని మోసం చేస్తుంది. డిస్కు బయటి అంచుకు సైలెన్సర్‌కు వేసే నల్ల రంగు గీత పూసి, దాని మీదే కొలవాలి. ప్రతిసారీ ఒకే పద్ధతి: మూడు ల్యాపులు గట్టిగా, నేరుగా పిట్‌లోకి, ఆగిన 20 సెకన్లలోపు రీడింగు.

మొదటి రీడింగు ముందు ఎడమ 340, ముందు కుడి 325. ట్రాక్ మీద ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, పిట్ లేన్‌లోనే కొంత చల్లారుతుంది.

గాలి గొట్టాలు:

1. బంపర్‌లో ఫాగ్ ల్యాంపు చోటు ఖాళీ చేసి, 3 అంగుళాల మూతి బిగించాలి.
2. అక్కడి నుంచి గ్యాస్ గీజర్ పొగకు వాడే 3 అంగుళాల అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు. మొదట పీవీసీ డక్టు వేస్తే డిస్కు వైపు చివర కరిగి ముడుచుకుపోయింది. ఎర్ర కారులో దాని కంపు కాబిన్లోకి వచ్చి డ్రైవర్ వైరింగ్ కాలిందనుకున్నాడు.
3. డిస్కు వెనక దుమ్ము రేకు కోసి, గాలి డిస్కు మధ్యకు, హబ్ దగ్గరికి తగిలేలా. ఒక అంచుకే తగిలితే ఆ ముఖం ముందు చల్లారి డిస్కు వంకరపోతుంది.
4. స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, స్ప్రింగు పూర్తిగా కుదించి, పైపు టైరుకు రాసుకోవట్లేదని చూడాలి. రాసుకుంటే రెండు ల్యాపుల్లో చిరుగుతుంది.

సెమీ మెటాలిక్ ప్యాడ్లు, గొట్టాలు, డాట్ 4 కలిపాక అదే పద్ధతిలో 265, 255. పెడల్ నిలబడింది.

తర్వాత పెడల్ వణుకు మొదలైంది. డయల్ గేజ్ పెడితే డిస్కు అంచు ఊపు 0.12 మి.మీ. డిస్కు విప్పి చూస్తే హబ్ ముఖం మీద తుప్పు పొక్కులు. వైరు బ్రష్‌తో గీకి, డిస్కు కూర్చోబెట్టి కొలిస్తే 0.04కి వచ్చింది. లేత్ మీద డిస్కు కోయించేముందు హబ్ గీకి చూడండి. కోయిస్తే మందం తగ్గుతుంది, మందం తగ్గితే వేడి పెరుగుతుంది.

ట్రాక్ మీద చల్లగా ఉండి, ఆగాక ఆయిల్ మరగడం ఇంకో రకం. కదిలే బండికి గాలి ఉంటుంది. ఆగిన బండిలో డిస్కు వేడంతా నెమ్మదిగా క్యాలిపర్‌లోకి (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలోకి) ఎక్కుతుంది. రిలేలో ఇది తప్పదు, ఎందుకంటే పాతిక నిమిషాలు కొట్టిన కారు వెంటనే ఆగి నిలబడుతుంది. దీనికి మూడు పనులు చేశాం. పిట్‌లోకి వచ్చే చివరి ల్యాపు బ్రేకులు మెల్లగా వాడాలి, దీనికి 6 సెకన్లు పోతాయి, పోనివ్వాలి. ఆగాక హ్యాండ్‌బ్రేకు లాగకూడదు, వేడి డ్రమ్ముకు లైనర్ అతుక్కుంటుంది. చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టాలి. రెండు ముందు చక్రాల ముందూ పెళ్లి షామియానాల్లో పెట్టే పెద్ద పెడస్టల్ ఫ్యాన్లు. అద్దెకు దొరుకుతాయి, ముహూర్తాల రోజుల్లో మాత్రం ముందే చెప్పుకోవాలి. ఫ్యాను లేకుండా క్యాలిపర్ పది నిమిషాలకు 150 దాకా ఎక్కింది, ఫ్యానుతో 110 దాటలేదు.

ఖర్చు: ప్యాడ్లు 9,600, డిస్కులు 7,600, ఆయిల్ 3,200, వెనక వీల్ సిలిండర్లు, లైనర్లు 5,400, గొట్టాలు 3,800, లేత్ 2,000. కలిపి 31,600. ఇప్పటిదాకా రూ. 3,85,300.

దశ 6: టైర్లు, బేరింగులు

175/70 ఆర్13. చల్లగా 28 పీఎస్ఐ పెడితే మూడు ల్యాపులకు ముందు ఎడమ 36, ముందు కుడి 34. ట్రాక్ గడియారం దిశలో తిరుగుతుంది కాబట్టి ఎడమ ముందు టైరుకే పని ఎక్కువ. వేడి మీద 33 దగ్గర నిలవాలంటే చల్లగా ఎడమ 25, కుడి 27 పెట్టాల్సి వచ్చింది. బంకుల్లో కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ వదలరు. ఆ తేమ గాలి వేడెక్కితే ప్రెషర్ ఎంత పెరుగుతుందో లెక్కకు అందదు. నైట్రోజన్ కొట్టిస్తే చాలు, అద్భుతాలేం జరగవు, అంకెలు మాత్రం ప్రతిసారీ ఒకేలా వస్తాయి.

వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో 85 న్యూటన్ మీటర్లు, ఎదురెదురు వరుసలో. పంచర్ షాపు గాలి గన్‌తో బిగించినవి కొలిస్తే ఒకటి 60, పక్కది 130. తొలి ల్యాపుల తర్వాత చల్లారనిచ్చి మళ్లీ చూడాలి, పెయింట్ చక్రాల మీద కచ్చితంగా వదులవుతాయి.

ఎర్ర కారు ముందు ఎడమ బేరింగు కుడి మలుపుల్లో గుయ్యిమంది. గ్రీజు కరిగి సీలు దాటి బయటికి వచ్చేసింది. బేరింగు నొక్కేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి, లోపలి రింగు మీద పడితే కొత్త బేరింగు కూడా వారంలో అదే పాట పాడుతుంది.

ఖర్చు: టైర్లు, అదనపు రిమ్ములు 44,000, బేరింగులు 5,200, అలైన్‌మెంట్ 1,800. ఇప్పటిదాకా రూ. 4,36,300.

దశ 7: అప్పగింత

ట్రాన్స్‌పాండర్ అరచేతిలో పట్టే డబ్బా. నేల కింది తీగ దాటినప్పుడు ల్యాపు నమోదవుతుంది. నేలకు 60 సెం.మీ. కన్నా ఎత్తులో ఉండకూడదు, కింద లోహం అడ్డు ఉండకూడదు. పిన్నుతో విప్పే హోల్డర్ రెండు కార్లకూ కావాలి.

మొదటి ఏర్పాటు: తెల్లదానికి ముందు బంపర్, ఎర్రదానికి వెనక బంపర్ లోపల. ఆగడం నుంచి రెండో కారు కదలడం దాకా 58 సెకన్లు. పైగా ఎర్ర కారు ల్యాపులు కొన్ని అసలు పడలేదు. బంపర్ ప్లాస్టిక్కే గానీ లోపల ఉక్కు దూలం ఉంటుంది, హోల్డర్ సరిగ్గా దాని మీద కూర్చుంది.

రెండో ఏర్పాటు: రెండింటికీ ముందు మూల. 34 సెకన్లు. కానీ పిన్ను బిగించే మనిషి, కదలబోయే కారు ముందు వంగి ఉంటాడు. క్లచ్ జారితే అంతే. తీసేశాం.

ఇప్పుడున్నది: రెండు కార్లకూ వెనక బంపర్ మూల, సైలెన్సర్ గొట్టం లేని వైపు, ఉక్కు దూలం అయిపోయిన తర్వాత కిందికి వేలాడేలా. హోల్డర్ గాంధీ రోడ్డులో కొన్న 10 మి.మీ. మందం, కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక కోసి చేసింది. లోహం కాదు, రంపంతో తెగుతుంది, వేడికి పగలదు. పిన్నుకు అడుగున్నర నైలాన్ తాడు కట్టి కారుకే ముడివేశాం, చేతి గ్లౌజుతో పట్టుకున్న పిన్ను కింద పడితే వెతకడానికే పది సెకన్లు.

వరుస:

1. డ్రైవర్ మెయిన్ స్ట్రెయిట్ మీద హెడ్‌లైట్ రెండుసార్లు కొడితే, వచ్చే ల్యాపుకు లోపలికి వస్తున్నట్టు.
2. బయల్దేరే కారు ఫ్యాన్లు తీసి, దిమ్మలు తీసి, ఇంజన్ స్టార్ట్ చేయాలి. డ్రైవర్ బెల్టులు అప్పటికే బిగించి ఉండాలి.
3. వచ్చే కారు నేల మీది పసుపు టేపు గీత దగ్గర, బయల్దేరే కారుకు పక్కగా ఆగాలి. రెండు వెనక మూలల మధ్య మూడు మీటర్లు.
4. ఒకటో మనిషి పిన్ను లాగి, నడిచి, రెండో హోల్డర్లో పెట్టి, పిన్ను దించి, డబ్బా ఒకసారి లాగి చూసి, రెండు చేతులూ ఎత్తాలి. పరుగు వద్దు.
5. రెండో మనిషి బయల్దేరే కారుకు అడ్డంగా పక్క నుంచి పట్టుకున్న పలకను, ఒకటో మనిషి చేతులు ఎత్తడం చూశాకే పైకెత్తాలి.

19 నుంచి 21 సెకన్లు. ఇంతకన్నా తగ్గించడానికి చేసిన ప్రతి ప్రయత్నంలోనూ ఏదో ఒకటి కింద పడింది.

డ్రైవర్ మార్పు ఆగి ఉన్న కారులో జరుగుతుంది కాబట్టి దానికి తొందర లేదు. పొట్టి డ్రైవర్‌కు వీపు వెనక ఫోమ్ దిమ్మ, దానికి వెల్క్రో.

ఖర్చు రూ. 6,300. ఇప్పటిదాకా రూ. 4,42,600.

దశ 8: రేసు

కార్లు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా ఫ్లాట్‌బెడ్ మీద. రెండు ట్యాంకులూ 40 లీటర్లు నిండుగా. రేసు మధ్యలో పెట్రోలు పోయడానికి లేదు. ప్రాక్టీసులో 12 లీటర్ల కింద కుడి మలుపుల్లో పెట్రోలు పంపుకు అందక ఇంజన్ దగ్గింది, కాబట్టి కారుకు వాడుకోగలిగింది 28 లీటర్లే.

ల్యాపులు, తెల్ల కారుతో మొదలుపెట్టి మార్చి మార్చి: 10, 10, 10, 9, 10, 9, 9. మొత్తం 67 ల్యాపులు, 249 కి.మీ. తెల్లది 39, ఎర్రది 28.  రెండుసార్లు సేఫ్టీ కారు (ప్రమాదమప్పుడు అందరినీ వెనక మెల్లగా నడిపించేది) వచ్చింది.

అప్పగింతలు: 22, 20, 41, 21, 24, 20 సెకన్లు. 41 ఎందుకంటే ఎర్ర కారుకు నీళ్లు కలిపేటప్పుడు కిల్ స్విచ్ ఆపారు, మళ్లీ వేయలేదు. స్టార్టర్ కొడితే చప్పుడు లేదు. ఇప్పుడు స్విచ్ ఆపినవాళ్లు స్టీరింగ్‌కు ఎర్ర గుడ్డ కట్టాలి.

పెట్రోలు: తెల్లది 29 లీటర్లు, ఎర్రది 21. లీటరుకు 5 కి.మీ. లోపు. తెల్లదాంట్లో 11 మిగిలి, చివరి ల్యాపులో రెండు మలుపుల దగ్గర దగ్గింది. ఎర్రదాంట్లో 19 వృథాగా మిగిలాయి. ఆరో అప్పగింత తర్వాత చివరి వంతు మళ్లీ తెల్లదానికే పడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. వంతులు ఏడుంటే మొదలుపెట్టిన కారుకు నాలుగు పడతాయి. కాబట్టి దాని వంతులు ఒక్కో ల్యాపు తక్కువ, రెండోదానివి ఎక్కువ పెట్టాలి: 9, 11, 9, 11, 9, 10, 8. ఇలా అయితే తెల్లదానికి 35, ఎర్రదానికి 32, ఏ కారుకూ సుమారు 26 లీటర్లు దాటదు.

డ్రైవర్లు వంతుకు ముందూ వెనకా తూకం చూసుకుంటే 0.6 నుంచి 0.8 కిలోల చెమట. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఇచ్చాం. చల్లని కూల్‌డ్రింకు తాగినవాళ్లకు తర్వాతి వంతులో కడుపు తిప్పింది.

ప్యాడ్లు: తెల్లది ముందు ఎడమ 10 మి.మీ. నుంచి 5.5కి, ఎర్రది 6.5కి. ఇంకో రేసుకు చాలవు. డిస్కులు బాగున్నాయి.

ఖర్చు: ఎంట్రీ, ఫ్లాట్‌బెడ్‌లు, పెట్రోలు, తిండి, ఫ్యాన్ల అద్దె 58,700. మొత్తం రూ. 5,01,300.

విప్పి చూశాక పెట్టుకున్న పనులు

- తెల్లదాని ముందు ఎడమ బేరింగు. చేతితో తిప్పితే గరుకు తగులుతోంది. ఎర్రదాని జబ్బే, ఆలస్యంగా వచ్చింది.
- ఎర్రదాని ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ బూటు (రబ్బరు తొడుగు) మీద చిన్న చీలిక. డక్టు గాలి దానికి నేరుగా తగులుతోందా, లేక రిమ్ము వేడా అన్నది తేలాలి. డక్టు మూతి అంగుళం పక్కకు జరిపి వచ్చే ప్రాక్టీసులో చూడాలి.
- రెండు కార్ల ఆయిల్ ఫిల్టర్లూ కోసి చూశాం. తెల్లదాంట్లో ఏమీ లేదు. ఎర్రదాంట్లో అయస్కాంతానికి అంటని సన్నటి మెరుపు రజను కొంచెం ఉంది. సంపు దించి బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్ల కింది చివరవి) ప్లాస్టిగేజ్‌తో (సందు కొలిచే మెత్తని దారంతో) కొలిచేదాకా ఆ ఇంజన్ స్టార్ట్ చేయకూడదు.